తరగతి గదిలో రాయబారం: మార్కులు ఎవరికి, దేనికి?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: నేను స్వయంప్రతిపత్తి గల ఒక డిగ్రీ కళాశాలలో తెలుగు బోధిస్తున్నాను. నాటక సాహిత్యం పత్రంలో అంతర్గత మూల్యాంకనానికి ఉన్న 20 మార్కులను ఈసారి రాత పరీక్షకు కాక ప్రదర్శనకు కేటాయించాం. విద్యార్థులు జట్లుగా ఏర్పడి పాండవోద్యోగ విజయాలలోని రాయబారం, సత్యహరిశ్చంద్రలోని కాటిసీను, కన్యాశుల్కంలో గిరీశం, వెంకటేశం కలిసే మొదటి సన్నివేశం ఎంచుకున్నారు. శ్రీకృష్ణుడి పాత్ర వేసిన అబ్బాయికి చిన్నప్పటి నుంచీ పద్యం పాడే అలవాటు ఉంది. అతని పద్యాలకు తరగతి అంతా చప్పట్లు కొట్టింది. 19 మార్కులు వేశాను. విదురుడికీ వెంకటేశానికీ 11 దాటలేదు. “మా పాత్రలకు మాటలే తక్కువ, ఇక మార్కులు ఎక్కడి నుంచి వస్తాయి మేడమ్?” అని వాళ్లు అడిగితే సమాధానం చెప్పలేకపోయాను. కాటిసీనులో లోహితాస్యుడిగా వేసిన విద్యార్థి కదలకుండా పడుకోవడం తప్ప చేసింది లేదు కనుక జట్టు సగటు మార్కే అతనికీ వేశాను. వచ్చే సెమిస్టరులో ఎవరికీ అన్యాయం జరగకుండా మార్కులు వేయడం ఎలాగో చెప్పగలరా?
– ఒక తెలుగు అధ్యాపకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీ విద్యార్థులు అడిగిన దానిలో న్యాయం ఉందండీ. అయితే లోపం మీరు వేసిన అంకెల్లో కన్నా, ఆ అంకెలు దేనికోసమో ముందుగా తేల్చుకోకపోవడంలో ఉంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో రంగస్థల కళలు చదివే విద్యార్థికి గాత్రానికీ, దేహభాషకూ మార్కులు వేయడం సబబే, ఎందుకంటే అక్కడ వాటిని రోజూ సాధన చేయిస్తారు. మీ పత్రం నాటక సాహిత్యం. మీ తరగతిలో శ్రుతి ఎలా నిలపాలో, రంగం మీద ఎలా నడవాలో ఎవరూ నేర్పలేదు. నేర్పని విద్యకు మార్కులు వేస్తే అవి ఇంట్లో హార్మోనియం ఉన్న పిల్లలకూ, ఊళ్లో నాటక సమాజం ఉన్న పిల్లలకూ చేరతాయి. మీ పాఠం శ్రద్ధగా విన్న విద్యార్థి దగ్గరే ఆగిపోతాయి. మీ ఎదుట నిలబడిన విద్యార్థి ఆ సన్నివేశాన్ని ఎంత లోతుగా చదివాడో, చదివినది అతని మాటలోనూ చూపులోనూ ఎంతవరకు కనబడుతున్నదో తేల్చుకోవడమే మీ పని.

మీ శ్రీకృష్ణుడి పద్యాన్నే తీసుకుందాం. సంధియా యుద్ధమా తేల్చి చెప్పమని కౌరవేశ్వరుణ్ణి అడిగే “చెల్లియో చెల్లకో” పద్యం ఉత్పలమాల. దానిలో రెండో పాదం “నీ” అనే మాటతో ముగుస్తుంది, ఆ “నీ” అన్వయించే “పిల్లలు పాపలున్” మూడో పాదం మొదట్లో ఉంటుంది. పాదం చివర రాగం తీయడం పద్యనాటకంలో స్థిరపడిన పద్ధతే కాబట్టి చాలామంది విద్యార్థులు ఆ “నీ” దగ్గర ఆగి గుక్క తిప్పుకోకుండా ఆలాపన సాగిస్తారు, చప్పట్లూ అక్కడే పడతాయి, ఈలోగా వాక్యం రెండు ముక్కలవుతుంది. గొంతు అంతగా లేని విద్యార్థి ఒకరు అదే పద్యాన్ని రాగం లేకుండా, “నీ పిల్లలు పాపలున్” అని కలిపి, ఎదుటివాడి సంతానం గుర్తు చేసి మరీ హెచ్చరిస్తున్నాడని వినేవారికి తెలిసేలా చదివితే, నా దృష్టిలో ఆ రెండో విద్యార్థికే ఎక్కువ మార్కులు రావాలి. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు వంటి మహానటుల రికార్డులు ఇప్పుడు ఫోన్‌లోనే దొరుకుతున్నాయి. వాటిని వినడం మంచిదే, కానీ వాళ్ల బాణీని మక్కికి మక్కి దించడం జ్ఞాపకశక్తికి గుర్తు మాత్రమే. ఆ విద్యార్థి పద్యాన్ని అర్థం చేసుకున్నాడో లేదో తెలియాలంటే ప్రదర్శన అయ్యాక “ఈ మాట దగ్గర ఎందుకు ఆగావు?” అని ఒక్క ప్రశ్న వేస్తే చాలు. కారణం చెప్పగలిగితే ఆ ఆలాపన కూడా అతనిదే అవుతుంది.

ఇక మాటలు తక్కువ ఉన్న పాత్రల సంగతి. నాటకంలో వినడం కూడా నటనే. పడకసీనులో, అంటే పాండవోద్యోగ విజయాలలో నిద్రిస్తున్న శ్రీకృష్ణుడి దగ్గరకు దుర్యోధనుడూ అర్జునుడూ సాయం కోరి వచ్చే ఘట్టంలో, “బావా ఎప్పుడు వచ్చితీవు” అంటూ శ్రీకృష్ణుడు కుశలం అడుగుతున్నప్పుడు పద్యమంతా అతనిదే, కానీ ఆ తియ్యని పలకరింపు వెనక ఉన్న ఎత్తుగడ ప్రేక్షకుడికి అందాలంటే దుర్యోధనుడి ముఖం సహకరించాలి. గిరీశం ఉపన్యాసాలు దంచుతున్నంతసేపూ పరీక్ష తప్పిన వెంకటేశం ఎలా నిలబడ్డాడు, ఏ మాటకు నమ్మాడు, ఏ మాటకు అనుమానపడ్డాడు అన్నది చూడకుండా ఆ సన్నివేశానికి మార్కులు వేయడం కుదరదు. కాబట్టి ఎన్ని వరుసల మాటలున్నాయన్న లెక్క పక్కన పెట్టి, ఎదుటి పాత్రకు స్పందించినందుకు విడిగా కొన్ని మార్కులు ఉంచండి. విదురుడికి నష్టం చాలావరకు అక్కడే తీరుతుంది.

అయితే లోహితాస్యుడి విషయంలో ఈ ఉపాయం పనిచేయదు. చనిపోయిన బాలుడు దేనికీ స్పందించడు, స్పందిస్తే అది మరో నాటకం అవుతుంది! అతనికి జట్టు సగటు వేయడం వల్ల తోటివారు బాగా చేస్తే ఊరికే లాభం, చెడగొడితే ఊరికే నష్టం. ఈ చిక్కును మార్కుల దగ్గర కాక పాత్రలు పంచే రోజునే విప్పాలి. ప్రతి విద్యార్థికీ కనీసం రెండు నిమిషాల మాట ఉండాలన్న నియమం పెట్టండి. అంత మాట లేని పాత్ర తీసుకున్నవారు అదే నాటకంలోని మరో ఘట్టంలో ఇంకో పాత్ర వేయాలి. పాత్రలను జట్టు నాయకుడు పంచిపెడితే మంచివన్నీ అతని స్నేహితులకే పోతాయి, అందుచేత ఆ పంపకం మీ సమక్షంలో జరగాలి.

కాటిసీను ప్రస్తావన వచ్చింది కనుక మరో మాట. ఈ ఘట్టం ఆడేటప్పుడు నటులు జాషువా శ్మశానవాటిక పద్యాలు పాడడం ఆనవాయితీ అయింది, అవి బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన నాటకంలోనివి కావు. పుస్తకం చేతిలో పెట్టుకొని సరిచూసే అధ్యాపకులు “పాఠంలో లేనిది పాడాడు” అని మార్కులు కోసిన సందర్భాలున్నాయి, అవి ఎవరివో తెలియకుండానే ఆహా అన్న సందర్భాలూ ఉన్నాయి. ఏ పద్యం ఎవరిదో, అది ఈ ఘట్టంలోకి ఎందుకు ఒదిగిందో విద్యార్థి చెప్పగలిగితే మార్కులు పెరగాలి. తెలియకుండా పాడితే కోయనక్కరలేదు, పెంచనూ అక్కరలేదు. కన్యాశుల్కంతోనూ ఇటువంటి చిక్కే ఉంది. 1897 నాటి తొలి ముద్రణకూ, గురజాడ బాగా పెంచి రాసిన 1909 నాటి రెండో కూర్పుకూ చాలా తేడా ఉంది, పైగా నిడివి పెద్దది కాబట్టి కుదించి ఆడడం మామూలు. ఏ ప్రతిని అనుసరించారో, ఏమి తీసేశారో, ఎందుకు తీసేశారో జట్టు ముందే ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి. కత్తిరింపు కూడా చదువులో భాగమే.

మీ 20 మార్కులను నేనైతే ఇలా పంచుతాను. పాత్రను అర్థం చేసుకున్నందుకు 8: ప్రదర్శనకు ముందు విద్యార్థి ఒక పేజీ రాయాలి, అందులో ఈ ఘట్టంలో తన పాత్రకు ఏమి కావాలి, తనకు తెలిసినదేమిటి, తెలియనిదేమిటి, ఏ మాట దగ్గర మనసు మారుతుంది అన్నవి ఉండాలి, ప్రదర్శన తర్వాత రెండు ప్రశ్నలు అడగాలి. వాచికానికి 6: స్పష్టత, పదాల విరుపు, అర్థం చెడకుండా చదవడం చూడాలి, గొంతు తీపి చూడకూడదు. స్పందనకు 4. మిగిలిన 2 జట్టు మొత్తానికి ఉమ్మడిగా, సమయానికి సిద్ధమైనందుకూ ఒకరి మాట ఒకరు అందుకున్నందుకూ వేయవచ్చు. జట్టు మార్కు ఇంతకు మించితే, అభ్యాసానికి రాని సభ్యుడి భారం వచ్చినవారి మీద పడుతుంది.

ఆహార్యానికి, అంటే వేషధారణకు, మాత్రం ఒక్క మార్కు కూడా ఉంచవద్దు. నాటక పరిషత్తుల పోటీల్లో ఆహార్యానికీ, రంగాలంకరణకూ వేరే బహుమతులు ఇస్తారు, అక్కడ ఆ పని చేసే నిపుణులు వేరే ఉంటారు కాబట్టి అది న్యాయమే. తరగతిలో కిరీటాలూ శాలువాలూ అద్దెకు తేగలిగిన జట్టుకు మార్కులు పెరిగితే అవి తల్లిదండ్రుల జేబుకు వేసిన మార్కులవుతాయి. అందరూ మామూలు దుస్తుల్లోనే రావాలని ముందే ప్రకటించడం మేలు.

భరతుడి నాట్యశాస్త్రంలో 27వ అధ్యాయం మీరు ఒకసారి తిరగేస్తే బాగుంటుంది. ప్రదర్శన సిద్ధించిందా లేదా అన్న చర్చ అంతా అందులోనే ఉంది. నిర్ణేతలను ప్రాశ్నికులు అన్నారు. యజ్ఞం తెలిసినవాడు, నర్తకుడు, ఛందస్సు తెలిసినవాడు, వ్యాకరణవేత్త, రాజు, విలుకాడు, చిత్రకారుడు, వేశ్య, గాయకుడు, రాజసేవకుడు అని పది రకాలవారిని చెప్పి, ఎవరికి తెలిసిన విషయంలో వారినే తీర్పు చెప్పమన్నారు. దానికన్నా మీకు ఉపయోగపడేది ఘాతాల, అంటే ప్రదర్శనను చెడగొట్టే అవాంతరాల, విభజన. గాలివాన, అగ్ని వంటి వాటివల్ల ప్రదర్శన చెడడం వేరు, గిట్టనివాళ్లు అల్లరి చేసి చెడగొట్టడం వేరు, నటుడు మాట మరిచిపోయి తనంతట తాను చెడగొట్టుకోవడం వేరు. మీ తరగతికి అన్వయించుకుంటే, కరెంటు పోవడమూ, వెనక బెంచీల వాళ్లు ఈలలు వేయడమూ నటుడి ఖాతాలో పడకూడదు. అవసరమైతే ఆ జట్టుకు మళ్లీ అవకాశం ఇవ్వాలి. ప్రేక్షకుల నవ్వునూ ప్రశంసనూ కూడా భరతుడు సిద్ధికి గుర్తుగానే లెక్కించాడు కదా అని మీరు అడగవచ్చు. నిజమే, కానీ ఆయన ఊహించిన సభలో నటుడి హాస్టల్ గదిలో ఉండే మిత్రులు ముందు వరుసలో కూర్చోరు.

చివరగా ఆచరణలో రెండు జాగ్రత్తలు. మొదటి రోజు ఆడిన జట్టును పోల్చడానికి ఎవరూ ఉండరు, మూడో రోజు ఆడేవారు అంతకుముందు మీరు అడిగిన ప్రశ్నలు విని సిద్ధపడి వస్తారు. కాబట్టి వరుసను చీటీలు వేసి నిర్ణయించండి, ప్రశ్నలు మార్చండి, అన్ని జట్లూ అయ్యాక మొదటి జట్టు మార్కులను మరోసారి చూసుకోండి. వీలైతే మరో అధ్యాపకుణ్ణి పిలిచి, ఇద్దరూ ఒకరికొకరు చూపించుకోకుండా మార్కులు వేసి, 3కు మించి తేడా వచ్చిన చోట మాత్రమే కూర్చొని మాట్లాడుకోండి. ఈ కొలతలన్నీ పాత్రలు పంచకముందే నోటీసు బోర్డు మీద ఉండాలి.

ప్రశ్న: మాది ఆదిలాబాద్ జిల్లా, ప్రస్తుతం కోస్తాలో ఎం.ఏ. తెలుగు చదువుతున్నాను. కన్యాశుల్కంలో రామప్పంతులు పాత్ర వేశాను. మాటలు ఒక్కటీ తప్పలేదు. అయినా “యాస కుదరలేదు” అని 5 మార్కులు తగ్గించారు. ఇది సరైనదేనా?
– ఒక విద్యార్థి

జవాబు: మీరు చెప్పినంతవరకే చూస్తే సరైనది కాదు. అయితే ఇందులో యాస, పాఠం అని రెండు విషయాలున్నాయి, వాటిని విడదీయాలి. కన్యాశుల్కంలో మనుషుల మాట విజయనగరం ప్రాంతపు వ్యవహారం. ఏ పాత్ర నోట ఏ మాట రావాలో గురజాడ చెవితో విని రాశారు. అదే 1897లో అచ్చయిన ప్రతాపరుద్రీయంలో వేదం వేంకటరాయశాస్త్రి కూడా పాత్రను బట్టి భాష మార్చారు. ఇటువంటి నాటకాల్లో భాషే పాత్ర స్వభావం కాబట్టి పాఠంలో ఉన్న మాటను ఉన్నట్టే పలకమని అధ్యాపకుడు కోరవచ్చు, మార్చి పలికితే మార్కులు తగ్గించవచ్చు. మీరు మాట మార్చలేదంటున్నారు. మిగిలింది పలుకుబడిలోని ఒత్తు, స్వరంలోని ఎగుడుదిగుడు. అవి మీరు పుట్టిన ఊరివి, మీ చదువులోని లోపాలు కావు. గుంటూరు విద్యార్థి అదే పాత్రను గుంటూరు పలుకుబడిలో వేసినప్పుడు యాస కుదరలేదని ఎవరూ అనకపోవడం గమనించండి. అదీ విజయనగరం పలుకుబడి కాదు, కేవలం పరీక్షకుడి చెవికి అలవాటైనది.

అడగదగిన ప్రశ్న ఇంకొకటి ఉంది. మధురవాణితో మాట్లాడేటప్పటి రామప్పంతులుకూ, లుబ్ధావధాన్లుతో మాట్లాడేటప్పటి రామప్పంతులుకూ మీ గొంతులో తేడా వినిపించిందా? వినిపిస్తే ఏ యాసలోనైనా ఆ పాత్ర నిలబడినట్టే. మీ అధ్యాపకుణ్ణి కలిసి, ఆ 5 మార్కులు ప్రకటించిన కొలతల్లో దేని కిందికి వస్తాయని మర్యాదగా అడగండి. జట్టు మొత్తం కలిసి సన్నివేశాన్ని తెలంగాణ మాటలోకి మార్చి ఆడాలనుకుంటే అదీ మంచి ప్రయోగమే, కానీ అది అనుసరణ అని ముందే చెప్పాలి, అందరి మాటా మారాలి.

దీనికి సంబంధించినదే మరొకటి, మీరు అడగకపోయినా చెబుతున్నాను. తరగతి నాటకాల్లో ఒక ప్రాంతపు యాసనో, ఒక కులం వారి మాటతీరునో సాగదీసి నవ్వు పుట్టించే అలవాటు ఉంది. చింతామణి నాటకంలో సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తున్నదన్న ఆర్యవైశ్యుల ఫిర్యాదుల మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 జనవరిలో ఆ నాటక ప్రదర్శనను నిషేధించింది. నిషేధం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. మార్కుల వరకు నా అభిప్రాయం ఏమిటంటే, పాఠంలో ఉన్న హాస్యానికి మార్కులు వేయవచ్చు, పాఠంలో లేకుండా నటుడు కలిపిన వెక్కిరింతకు ఎంత నవ్వు వచ్చినా వేయకూడదు.

ప్రశ్న: ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతున్నాను. నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టు పని కింద వరవిక్రయంలోని ఒక రంగం ఆడించాను. ఒక అమ్మాయికి నత్తి ఉంది, మరో అబ్బాయి వేదిక ఎక్కితే వణికిపోతాడు. వాళ్లకు మినహాయింపు ఇస్తే మిగతావాళ్లు పక్షపాతం అంటున్నారు.
– ఒక ఉపాధ్యాయుడు, అనంతపురం జిల్లా

జవాబు: మినహాయింపు ఇవ్వకండి, మార్గం మార్చండి. నత్తి ఉన్న అమ్మాయికి వాచికం కింద వేగాన్ని, ధారను లెక్కించకుండా, ఎక్కువ సమయం ఇచ్చి, ఏ మాట మీద ఒత్తు పెట్టిందో మాత్రమే చూడండి. ఆమెకు ఇష్టమైతే నలుగురి ముందు కాక మీ ముందు మాత్రమే చదవవచ్చు. ఏది ఇష్టమో ఆమెను విడిగా అడగండి, తరగతిలో అడగవద్దు. భయపడే అబ్బాయి అదే రంగాన్ని శ్రవ్యనాటికగా రికార్డు చేసి ఇవ్వవచ్చు, లేదా తెర పక్కన ప్రాంప్టింగ్ బాధ్యత తీసుకోవచ్చు. ప్రాంప్టింగ్ తేలిక పని కాదు, ఏ నటుడు ఎక్కడ తడబడతాడో ముందే పసిగట్టాలంటే నాటకమంతా నోటికి రావాలి. అయితే ఈ ఇద్దరూ పాత్ర గురించి రాయాల్సిన పేజీ రాయాలి, ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఆ నాటకంలో కట్నం కోరే సింగరాజు లింగరాజు పిసినారితనం నవ్వు తెప్పిస్తూనే పెళ్లికూతురు కాళింది కథను విషాదం వైపు ఎలా నడిపించిందో వాళ్లు చెప్పగలిగితే, పాఠం వాళ్లకు అందినట్టే. శ్రవ్యనాటిక దారిని అందరికీ తెరిచి ఉంచితే పక్షపాతం అన్న మాట కూడా రాదు. ఎంతమంది ఆ దారి పడతారో చూడండి, మీరు అనుకున్నంత మంది ఉండరు.

ప్రశ్న: మా జట్టులో అందరం అమ్మాయిలమే. పడకసీనులో నేను దుర్యోధనుడు వేశాను. “ఆడగొంతులో గాంభీర్యం రాదు” అని మార్కులు తగ్గించారు.
– డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని, నల్గొండ

జవాబు: పురుషుడైన స్థానం నరసింహారావు సత్యభామగా తెలుగువారిని మెప్పించి, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ ఆనవాయితీని తలకెత్తుకున్న మనం ఇటువైపు నుంచి అటు వెళ్లే అమ్మాయిని గొంతు పేరుతో ఆపడం చిత్రమే. పైగా ఆ ఘట్టంలో దుర్యోధనుడు గర్జించేది తక్కువ. ముందుగా వచ్చింది తానే అయినా శ్రీకృష్ణుడి చూపు మొదట అర్జునుడి మీద పడినప్పుడు, లోపలి చిరాకును రాచమర్యాద చాటున దాచుకోవడం అక్కడి కష్టం. మీరు దాన్ని ఎలా చేశారో నేను చూడలేదు కాబట్టి మార్కుల సంఖ్య గురించి ఏమీ అనను. కానీ స్వరస్థాయి కారణంగా తగ్గించిన మార్కులను తిరిగి పరిశీలించమని విభాగాధిపతికి రాతపూర్వకంగా కోరండి. మీ ప్రదర్శన వీడియో ఉంటే దానితోపాటు జత చేయండి.